ఇరవై మూడో నిమిషం

మంగళవారం పొద్దున అయిదున్నరకు, మాదన్నపేట కూరగాయల మార్కెటు వెనకాల హాజరు వేసే చోట, గోడకు ఒక కాగితం అతికించి ఉంది. నలభై ఆరు పేర్లు. నలభై రెండింటి పక్కన పచ్చ టిక్కు, నాలుగింటి కింద ఎర్ర గీత. కృష్ణమ్మకు తన పేరు, ఇంటి నంబరు, బస్సుల మీది అంకెలు చదవడం వచ్చు. అంతకు మించి రాదు. ఎర్ర గీత తన పేరు కింద ఉందని తెలుసుకోవడానికి ఆ మాత్రం చాలు.

సూపర్‌వైజర్ అమరనాథ్ బైకు దిగకుండానే హాజరు తీసుకున్నాడు. ఒక్కొక్కరి ముఖానికి ఫోన్ ఎదురు పెట్టి ఫొటో కొట్టడం అయ్యాక కాగితం సంగతి చెప్పాడు. ఒకటో తారీఖు నుంచి కొత్త కాంట్రాక్టు. ట్రైనింగు పాఠాలు ఆరూ ఫోన్లో చూసి ముగించినవాళ్ల పేర్లే కొత్త లిస్టుకు ఎక్కుతాయి. శనివారం ఆఖరు. ఆ తర్వాత తన చేతిలో ఏమీ లేదు, ఎవరూ వచ్చి లొల్లి పెట్టొద్దు.

ఎర్ర గీత పడ్డ నలుగురిలో ఒకామెది బటన్ల ఫోను. ఇంకొకామె ఆస్పత్రిలో ఉంది. ఒకతను ఊరికి పోయి రాలేదు. మిగిలింది కృష్ణమ్మ.

"నీకేమైంది కృష్ణమ్మా? అయిదు చూసినవు, మూడోది చూడవైతివి."

"చూసిన సార్."

"చూస్తే టిక్కు పడుతుండె."

సగంలో ఆగిపోతున్నదని, ఆగినప్పుడల్లా మళ్లీ మొదటి నుంచి పెట్టి చూస్తున్నానని చెప్పింది. మిగిలిన పాఠాలు పావుగంటవి, అవి ముగిశాయి. ఇదొక్కటే నలభై ఒక్క నిమిషాలు. వెనక నుంచి ఎవరో, సీరియల్ అయితే ఆగుతుండెనా అన్నారు. అందరూ నవ్వారు. పక్కన నిలబడ్డ వరమ్మ కూడా నవ్వి, కృష్ణమ్మ చూస్తున్నదని గమనించి తల వంచుకుని కొంగు సవరించుకుంది.

అమరనాథ్ నవ్వలేదు. "ఫోన్ అబద్ధం చెప్పది. మనుషులే చెప్తరు," అని బైకు స్టార్టు చేశాడు.

కృష్ణమ్మ చీపురు కట్ట అడుగును రోడ్డు మీద రెండుసార్లు కొట్టి పుల్లలు సమం చేసుకుంది. వాళ్లిద్దరిదీ ఒకే గల్లీ వరస. మార్కెటు గేటు నుంచి చివరి ఇంటి దాకా ఒక పక్క తను, ఇంకో పక్క వరమ్మ. రాత్రి దిగిన లోడ్ల ఆకులు, గోబీ కాడలు, తడి గోనె పీచు. ఎండు చెత్త అయితే చీపురు పరుగెత్తుతుంది. తడిది అయితే కొసతో గీకి, మళ్లీ వెనక్కి లాగి, కుప్పకు తేవాలి. ఆ రోజు కృష్ణమ్మ చీపురు చప్పుడు రోజూ కంటే గట్టిగా ఉంది. ఎదురు పక్క చప్పుడు కాసేపు నడిచి, ఆగింది.

వరమ్మ రోడ్డు దాటి వచ్చింది. పింటూకు నంబరు ఇచ్చెయ్ అంది. పింటూ అమరనాథ్ అక్క కొడుకు. వాడిది పెద్ద ఫోను. నంబరు ఇచ్చి, వచ్చిన ఓటీపీ చెబితే, వాడి ఫోన్లోనే పాఠం పెట్టి గోడకు ఆనిస్తాడు. వాడు చాయ్ తాగొచ్చేలోపు పాఠం దానంతట అదే నడుస్తుంది. తనదీ అట్లాగే అయింది. చాలామందివి అట్లాగే అయ్యాయి. అమరనాథ్‌కు తెలియదా అంటే తెలుసు, తెలియదు.

కృష్ణమ్మ కుప్పను రేకుతో ఎత్తి చెత్తబండిలో వేసింది.

"ఏమంటవు? మధ్యాహ్నం దాక అయిపోతది."

"నేను చూసిన అని చెప్పిన వరమ్మా. ఇప్పుడు పింటూ చూస్తే, నేను చూడలేదన్న మాట నిజమైతది."

"నిజం తింటవా ఏంది?"

కృష్ణమ్మ బండిని ముందుకు తోసింది. నిండితే తప్ప పెద్ద చెత్తడబ్బా దగ్గరికి పోవలసిన పని లేదు, నిండాక పోకుండా కుదరదు. ఆ గల్లీలో రోజుకు నాలుగుసార్లు నిండుతుంది. ఆమె లెక్క ఎప్పుడూ తప్పదు.

పదింటికి చాయ్ సమయంలో వార్డు ఆఫీసు ప్రహరీకి ఆనుకుని కూర్చుంది. అక్కడ ఊరికే వైఫై వస్తుంది. ఊడ్చేవాళ్లంతా పొద్దున రాగానే అక్కడ ఆగి, పాఠాలన్నీ వరసగా తెరిచి పెట్టుకుని పోతారు. కృష్ణమ్మ కూడా అంతే. ఒకసారి తెరిస్తే ఫోన్లోకి వచ్చేసినట్టేనని అందరి నమ్మకం.

మూడో పాఠం పేరు పదునైన చెత్త. పసుపు కోటు, కొత్త బూట్లు వేసుకున్న ఒకామె అందులో రోడ్డు ఊడుస్తుంది. ఆ రోడ్డు మీద చెత్త లేదు. నాలుగు ఎండుటాకులు ఉన్నాయి, అవీ ఎవరో పరిచినట్టు. నాలుగో నిమిషంలో ఆమె చేతికి తొడుగు వేసుకుంటుంది. తొమ్మిదో నిమిషంలో పగిలిన సీసాను పట్టకారుతో తీస్తుంది. పదహారులో వంగొద్దు, కూర్చుని ఎత్తు అని చెబుతుంది. ఆమె ఏ మాట తర్వాత ఏ మాట అంటుందో కృష్ణమ్మకు నోటికి వచ్చేసింది. ఇరవై రెండో నిమిషం ముగుస్తుండగా ఆమె ఒక ఎర్ర డబ్బా తెచ్చి ముందు పెట్టుకుంటుంది. మూత మీద చెయ్యి వేస్తుంది. నోరు తెరుస్తుంది.

తెర తెల్లబడింది. చిన్న చక్రం రెండు తిప్పులు తిరిగింది. పాఠం మొదటికి వచ్చి నిలబడింది. సున్నా.

కృష్ణమ్మ ఫోన్‌ను తిరగేసి వీపు మీద అరచెయ్యి పెట్టింది. అప్పుడే దించిన చాయ్ గిన్నెలా కాలుతోంది.

*

బుధవారం డ్యూటీ దిగాక సాగర్ దగ్గరికి పోయింది. మార్కెటు మలుపులో గాజుల దుకాణం మెట్ల పక్కన అతనిది బల్లంత చోటు. ఒక దీపం, ఒక భూతద్దం, సీసా మూతల్లో మరలు. ఎవరు ఏమి తెచ్చినా ముందు తెర తుడిచి కానీ చూడడు.

ఫోన్ బాగానే ఉంది అన్నాడు. మెమొరీ తక్కువది, అయినా పాఠం చూడటానికి ఇది చాలు. తర్వాత తెర అడుగున ఏదో నొక్కి, పైకి తోస్తూ పోయాడు. ఒక పాఠం, దాని వెనక ఇంకొకటి, దాని వెనక మళ్లీ మొదటిదే. పదిహేడు లెక్కపెట్టి ఆపాడు.

"గిన్ని ఎందుకు తెరిచి పెట్టినవ్ పిన్నీ?"

"వైఫై ఆడనే గద వచ్చేది. నల్లా వచ్చినప్పుడే బిందెలు నింపుకోవాలె."

సాగర్ నవ్వలేదు, భూతద్దం తీసి బల్ల మీద పెట్టాడు. రోజు విడిచి రోజు నల్లా వచ్చే గల్లీలోనే అతనూ ఉంటాడు. వాళ్లింట్లోనూ గిన్నెలతో సహా నింపి పెడతారు.

"బిందెలు ఇంట్ల పెట్టుకుంటె మంచిదే. ఇవి ఇంట్ల లేవు. పదిహేడూ నీ నెత్తి మీదనే ఉన్నయి. నడువుమంటె అదెట్ల నడుస్తది?"

తెరిచినంత మాత్రాన పాఠం ఫోన్లోకి రాదని, చూసేటప్పుడు నెట్టు ఎట్లాగూ కావాలని, తెరిచినవి ఊరికే చోటు పట్టుకుని కూర్చుంటాయని చెప్పాడు. ఒక్కొక్కటీ ఎట్లా మూయాలో చూపించి మిగిలినవి ఆమెతోనే మూయించాడు. ఆమె వేలు బిరుసుగా ఉండి తెరకు సరిగా తగలదు. వేలిని చీర అంచుకు రుద్దుకుని, మళ్లీ నొక్కింది. పదిహేడోది పోయేదాకా సాగర్ చెయ్యి పెట్టలేదు.

అతని నెట్టు మీదనే అక్కడే పెట్టి చూసింది. మెట్టు మీద కూర్చుని, ఫోన్‌ను మోకాళ్ల మధ్య పట్టుకుని. ఇరవై మూడో నిమిషంలో ఎర్ర డబ్బా మూత తెరుచుకుంది. సూదులు, బ్లేడు ముక్కలు వేసే డబ్బా అది. అంతే. నెల రోజుల నుంచి ఆ మూత కింద ఏముందోనని ఉంది ఆమెకు. చూశాక ఏమీ అనిపించలేదు, కానీ ఊపిరి కొంచెం సాఫీగా ఆడింది.

ముప్పై ఒకటో నిమిషంలో తెర తెల్లబడింది.

సాగర్ తను చేస్తున్న పని ఆపి వచ్చి చూశాడు. ఎనిమిది నిమిషాలు దొరికాయి అన్నాడు. ఫోన్లో తను తీయగలిగిన బరువు ఇక లేదు, ఉంటే పాఠం నడిచే ఆ పేజీలోనే ఉండాలి. పేజీ అడుగుకంటా జరిపి, సన్న అక్షరాలు చదివి చెప్పాడు. తయారు చేసినవాళ్ల ఆఫీసు అఫ్జల్‌గంజ్‌లోనే, కాంటాల దుకాణం పైన మూడో అంతస్తు.

"పోతే రానిస్తరో లేదో," అన్నాడు.

కృష్ణమ్మ ఆ సన్న అక్షరాల కిందా పైనా చూస్తూ ఉంది. మూడో పాఠం కింద మిగిలిన పాఠాల చిన్న బొమ్మలు వరసగా ఉన్నాయి. ఒక్కొక్క బొమ్మలో ఒక్కొక్క మనిషి చప్పుడు లేకుండా చెయ్యి ఆడిస్తున్నాడు.

"వీళ్లను ఎవరు చూస్తున్నరు?" అని అడిగింది.

సాగర్‌కు ఆ ప్రశ్న అర్థం కావడానికి కొంచెం సేపు పట్టింది. అర్థమయ్యాక, ఇది వాళ్లనే అడుగు అన్నాడు.

*

గురువారం ఒంటిగంటకు చీపురు, రేకు స్టోరులో అప్పగించి, చేతులు మోచేతుల దాకా కడుక్కుని, షేరింగ్ ఆటో ఎక్కింది. మూసీ దాటేటప్పుడు ఆటోలో అందరూ ముక్కుకు గుడ్డ పెట్టుకున్నారు. ఆమె పెట్టుకోలేదు.

కాంటాల దుకాణం ముందు తూకం రాళ్లు చిన్నా పెద్దా పేర్చి ఉన్నాయి. పక్క సందులో మెట్లు. మూడో అంతస్తులో అద్దం తలుపు. బయట చెప్పులు విడిచింది. లోపలివాళ్లెవరూ విడవలేదని తర్వాత చూసింది.

ఆరేడు కంప్యూటర్లు, ఇద్దరే మనుషులు. ఒకతను హెల్ప్‌లైన్‌కు ఫోన్ చెయ్యాలని చెప్పి నంబరు రాసివ్వబోయాడు. చేసిన, ఎత్తరు అంది. సార్ లేడు, సోమవారం రమ్మన్నాడు. శనివారమే ఆఖరు, అందాకా ఇక్కడే కూర్చుంటా అంది. కోపంగా అనలేదు. బస్సు కోసం ఆగుతా అన్నట్టు అంది. కిటికీ పక్కన కూర్చున్న అమ్మాయి అప్పుడు తల తిప్పింది. మెడలో సన్న గొలుసు, దానికి శిలువ. పేరు అమల అని చెప్పి, కుర్చీ లాగి ఇచ్చింది.

అమల తన ఫోన్లో మూడో పాఠం తెరిచి, అక్కడక్కడా చూసి, బాగానే నడుస్తోంది ఆంటీ అంది. ఫోన్ పాతదైతే అట్లా అవుతుంది.

"నీ ఫోన్ల నడుస్తది బిడ్డా. నీ ఫోన్ల చూసేటోళ్లం గాదు మేము. నా ఫోన్ల పెట్టి చూడు."

"ముప్పై నిమిషాలు చూస్తూ కూర్చోవాల్నా ఆంటీ?"

"నేను పంతొమ్మిది సార్లు కూర్చున్న."

అమల చెయ్యి చాపింది. ఫోన్ తీసుకుని కీబోర్డు పక్కన నిలబెట్టి, మొదటి నుంచి పెట్టింది. తన పని తను చేసుకుంటూ అప్పుడప్పుడూ చూసింది. కృష్ణమ్మ కుర్చీ అంచు మీద కూర్చుని ఉంది. పసుపు కోటు ఆమె మాట్లాడబోయే ముందే ఆ మాట కృష్ణమ్మ పెదవుల మీద కదులుతోంది. అమల దాన్ని గమనించింది. ఆ తర్వాత తన పని చేసుకోలేదు.

ముప్పై ఒకటిలో తెర తెల్లబడింది.

అమల ఒక వైరు తెచ్చి ఫోన్‌ను కంప్యూటర్‌కు తగిలించింది. పాఠం మళ్లీ మొదలైంది. ఈసారి కంప్యూటర్ తెర మీద ఒక గీత పాకడం మొదలుపెట్టింది. ఫోన్ ఎంత బరువు మోస్తున్నదో అది చూపిస్తుందని అమల చెప్పింది. గీత మెట్టు మెట్టుగా ఎక్కుతోంది. పది నిమిషాలు ఇద్దరూ దాన్నే చూశారు.

"ఇది దిగదా?" అంది కృష్ణమ్మ.

"దిగాలె. కొంచెం కొంచెం దిగుతుండాలె."

"చూసినదాన్ని ఏడ పారేస్తరు?"

"ఏంది ఆంటీ?"

"మొదటి నిమిషం చూసిన. అయిపోయింది. అది ఏడికి పోతది?"

అమల కుర్చీ ఇటు తిప్పింది. ఎక్కడికీ పోదని చెప్పింది. పాఠం చూసినంత మేరా ఫోన్ పట్టుకునే ఉంటుంది. ఎవరైనా వెనక్కి జరిపి చూడాలనుకుంటే వెంటనే రావాలని అట్లా పెట్టారు.

"బండి నిండదా మరి? నేను గల్లీ మొత్తం ఊడ్చి ఒక్కసారి కూడ డబ్బా కాడికి పోకుంటె, బండి నడిమిట్లనే పొర్లిపోతది." తర్వాత ఫోన్ వైపు చెయ్యి చూపింది. "వెనక్కి పోనిస్తదా అసలు ఇది? నొక్కి చూడు."

అమల నొక్కింది. వెనక్కి జరపడం కుదరదని ఎర్ర అక్షరాలు పడ్డాయి. పాఠం ఎగ్గొట్టకుండా, ముందుకూ వెనక్కూ జరపనివ్వొద్దని కాంట్రాక్టరే అడిగి పెట్టించుకున్నాడు. ఆ తాళం వేసింది అమలే. వెనక్కి పోవడానికి దాచిపెట్టిన బరువును మాత్రం ఎవరూ తీయలేదు. నెల రోజులుగా పాఠం ఆగిపోతోందని ఎన్ని ఫిర్యాదులు వచ్చినా, ఫోన్ మార్చుకోండి అని జవాబు రాసింది కూడా తనే.

అమల కీబోర్డు మీది చేతులు తీసి ఒళ్లో పెట్టుకుంది.

కృష్ణమ్మ అదేమీ అడగలేదు. కింద చెయ్యి ఆడించే చిన్న బొమ్మల సంగతి అడిగింది. అమల అవి కూడా జరిపి చూసింది. మనిషి ఒక పాఠం చూస్తుండగా మిగిలినవన్నీ కింద చప్పుడు లేకుండా తెరుచుకుని కూర్చుంటున్నాయి.

"మేము పదిహేడు తెరిచి పెట్టుకున్నమని సాగర్ నవ్వబోయిండు," అంది కృష్ణమ్మ. "మీ పేజీ గూడ మా లెక్కనే బిందెలు నింపుకుంటున్నది."

అమల నవ్వింది. నవ్వాక ముఖం మామూలైంది. చూసిన భాగాన్ని అర నిమిషానికి మించి పట్టుకోకుండా వదిలేయించాలి. ముందుగా తెచ్చిపెట్టేది తగ్గించాలి. కింది పాఠాలను కదలని బొమ్మలు చేయాలి. చిన్న ఫోన్లకు బొమ్మ చిన్న సైజులోనే పంపాలి. ఇవన్నీ ఒక కాగితం మీద రాసుకుని, రేపటికి అవుతుందేమో చూస్తానంది. మాట ఇవ్వలేనంది.

తర్వాత కృష్ణమ్మ నంబరు అడిగి కంప్యూటర్లో కొట్టింది. పాఠం ఎవరు ఎప్పుడు తెరిచారో, ఏ నిమిషం దాకా వెళ్లారో నిమిషానికో గుర్తు పడి ఉంటుందట. పడింది. మూడో పాఠం, ఇరవై ఒక్కసార్లు. ఈ రోజువి రెండూ, నిన్నటిదీ కలిపి. నిన్నటిది, ఈ రోజువి తప్పితే ప్రతి గుర్తూ ఇరవై రెండు దగ్గరే తెగిపోయింది.

"ఇది మా సార్‌కు చూపియ్యొచ్చునా?"

రిపోర్టు పంపొచ్చని అమల చెప్పింది. మీ వార్డు మొత్తానికీ కలిపే పోతుంది అంటూ ఆ పేజీ తెరిచింది. తెరిచి, తెరకు దగ్గరగా వంగింది. నలభై రెండు టిక్కుల్లో ముప్పై తొమ్మిది ఒకే ఫోన్ నుంచి ఉన్నాయి.

అమల ఏమీ అడగకుండా కృష్ణమ్మ వైపు చూసింది. కృష్ణమ్మ గీత వైపు చూస్తోంది. అది ఇంకా ఎక్కుతూనే ఉంది.

"అది లేకుండ పంపరాదా?"

"సగం తీసి పంపరాదు ఆంటీ. పంపితే మొత్తం, లేకుంటే లేదు. పేజీ బాగైతదిలే, రేపు మీరు చూసుకుంటరు, మీకు టిక్కు పడ్తది. రిపోర్టు అవసరమే లేదు."

నిజమే. ఎవరికీ నష్టం లేకుండా టిక్కు పడుతుంది. మంగళవారం నాటి మాట అట్లాగే ఉండిపోతుంది. నెల రోజులు చూడక, శనివారం దగ్గర పడేసరికి భయపడి చూసిందని అంటారు. కృష్ణమ్మ అరచేతులు ఒకదానితో ఒకటి రుద్దుకుంది. చీపురు పట్టిన చోట చర్మం గీకినట్టు చప్పుడు అయింది. వరమ్మ అరచేతుల్లోనూ అదే చోట అట్లాంటి కాయలే ఉన్నాయి.

రుద్దడం ఆపి అంది. "పంపు బిడ్డా. గని తప్పు పేజీదని ముందు రాయి. వాళ్లు పింటూ కాడికి పోయింది ఎందుకు, ఫోన్ల నడువక. అది రాసి, వాళ్లకు గడువు అడుగు. గడువు అడుగకుంటే పంపకు."

అమల రాసింది. రాసిన ప్రతి వాక్యమూ చదివి వినిపించింది. తప్పు మాది అన్న వాక్యం దగ్గర గొంతు కొంచెం తగ్గింది, కానీ చదివింది.

*

శుక్రవారం మధ్యాహ్నం రెండు దాటాక ఫోన్ వచ్చింది. ఇప్పుడు చూడండి ఆంటీ అని మాత్రం చెప్పింది అమల.

కృష్ణమ్మ మార్కెటు షెడ్డు కింద, సాగర్ నెట్టు అందే చోట, ఖాళీ గోనె పరుచుకుని కూర్చుంది. కింది బొమ్మలు కదలడం లేదు. ఇరవై మూడు. ముప్పై ఒకటి. ముప్పై ఒకటి దాటేటప్పుడు తెలియకుండానే ఫోన్‌ను రెండు చేతులతో పట్టుకుంది. పసుపు కోటు ఆమె, సూది గుచ్చుకుంటే ఏం చెయ్యాలో అప్పుడు చెప్పింది. వేలు పిండొద్దు. సున్నం, పసుపు రాయొద్దు. పారే నీళ్ల కింద సబ్బుతో కడిగి, ఆ పూటే ఆస్పత్రికి పోయి చూపించుకోవాలి. కృష్ణమ్మ తన ఎడమ బొటనవేలి వైపు చూసుకుంది. రెండేళ్ల కింద గుచ్చుకుంటే పిండి సున్నం పెట్టింది. వరమ్మే తన సున్నం డబ్బీ తీసి ఇచ్చింది.

నలభై ఒకటి. పచ్చ టిక్కు పడింది.

ఫోన్‌ను తిరగేసి వీపు మీద అరచెయ్యి పెట్టింది. గోరువెచ్చగా ఉంది.

*

శనివారం పొద్దున గోడ మీద కొత్త కాగితం. టిక్కులు నాలుగే. ముప్పై తొమ్మిదీ పోయి మిగిలిన మూడు, కృష్ణమ్మది ఒకటి. మిగతా అన్నిటి కిందా ఎర్ర గీతలు. దూరం నుంచి చూస్తే కాగితమే ఎర్రగా ఉంది.

అమరనాథ్ ఆ రోజు బైకు దిగి నిలబడ్డాడు. పై నుంచి వచ్చిన కాగితం చదివాడు. పేజీలో లోపం ఉండటం వల్ల పాఠం చిన్న ఫోన్లలో ఆగిపోయిందని, ఇప్పుడు సరిచేశారని, బుధవారం దాకా గడువని, ఎవరి ఫోన్లో వారే చూడాలని. ఎవరైనా ఇంకొకరి ఫోన్లో చూస్తే ఆ బాధ్యత సూపర్‌వైజర్‌దని. ఆ చివరి మాట వేగంగా చదివేశాడు. పింటూ ఆ చుట్టుపక్కల లేడు.

తర్వాత టిక్కు ఉన్న పేర్లు చదివాడు. నాలుగో పేరు దగ్గర ఆగి, కాగితం మూల గోడకు సరిగా అతకనట్టు బొటనవేలితో నొక్కాడు.

"కృష్ణమ్మ. పూర్తి," అన్నాడు. "ఇరవై రెండుసార్లు చూసినట్టు రాసి ఉంది."

ఎవరూ నవ్వలేదు. ఎవరూ కృష్ణమ్మ వైపు చూడలేదు. చీపుర్లు తీసుకునేటప్పుడు ఆమె చుట్టూ రెండడుగుల చోటు ఖాళీగా ఉంది.

గల్లీ మొదట్లో వరమ్మ అంది. ఇటు తిరగకుండానే అంది.

"మా టిక్కులు తీసి నీ టిక్కు పెట్టుకున్నవు."

"అవును," అంది కృష్ణమ్మ.

వరమ్మ ఇంకేదో మాట కోసం చూసింది. గడువు నేనే అడిగించిన అంటుందేమో, నువ్వు నవ్వితివి గద అంటుందేమోనని చూసినట్టుంది. కృష్ణమ్మ అనలేదు. రెండు చీపుర్లూ రోడ్డుకు రెండు పక్కలా నడిచాయి. మొదట ఒకటి ముందు, ఒకటి వెనక. తర్వాత, అలవాటు కొద్దీ, కలిసి. మొదటి బండి నిండింది. రోజూ ఇద్దరూ కలిసి తోస్తారు. ఆ రోజు కృష్ణమ్మ ఒక్కతే తోసుకుపోయింది. రెండో బండికి వరమ్మ వచ్చి ఒక చెయ్యి వేసింది, ముఖం పక్కకు పెట్టుకుని.

పదింటికి వార్డు ఆఫీసు ప్రహరీ దగ్గర ఊడ్చేవాళ్లంతా ఫోన్లు తీశారు. అందరూ పాఠాలు వరసగా తెరుస్తున్నారు. వరమ్మ కొంచెం ఎడంగా కూర్చుంది. ఆమె ఫోనూ కృష్ణమ్మదీ ఒకే రకం, ఒకే దుకాణంలో కొన్నవి. తెర మూల పగిలిన చోటు కూడా దాదాపు ఒకటే.

కృష్ణమ్మ పోయి పక్కన కూర్చుని చెయ్యి చాపింది. వరమ్మ ఫోన్‌ను ఛాతీకి ఆనించుకుంది. చాపిన చెయ్యి అట్లాగే ఉంది. కాసేపటికి ఫోన్ ఆ చేతిలోకి వచ్చింది.

"ఎన్ని బిందెలు ఎత్తుకున్నవే నెత్తి మీద," అంది కృష్ణమ్మ, తెర పైకి తోస్తూ. "దించు. అన్నీ దించు. నీ చేత్తోని నువ్వే."

వరమ్మ వేలు తెరకు తగల్లేదు. చీర అంచుకు రుద్దుకోమంది. రుద్దుకుని నొక్కింది. ఒకటి పోయింది. ఇంకొకటి. ప్రహరీ పొడుగునా కూర్చున్నవాళ్లు ఒక్కొక్కరే ఇటు చూడటం మొదలుపెట్టారు. ఏం తీసేస్తున్నరో అని ఒకామె లేచి వచ్చి వరమ్మ భుజం మీదుగా వంగింది. చివరికి మూడో పాఠం ఒక్కటి మిగిలింది.

పసుపు కోటు ఆమె ఎండుటాకులు ఊడ్చింది. తొడుగు వేసుకుంది. సీసా తీసింది. ఇరవై నిమిషాలు దాటాక వరమ్మ ఫోన్ వీపు తాకి చూసింది. చుట్టూ ఇప్పుడు అయిదారుగురు ఉన్నారు. ఎర్ర డబ్బా వచ్చింది. మూత మీద చెయ్యి పడింది. ఎర్ర డబ్బా సంగతి ఫోన్ తెరిచిన ప్రతి ఒక్కరికీ తెలుసు, కృష్ణమ్మ తప్ప అక్కడున్నవాళ్లలో దాన్ని దాటి పోయినవాళ్లు లేరు.

"ఆగుతదే," అంది వరమ్మ మెల్లగా. "ఏముంటది అండ్ల?"

"చూడు."

తెర కింది అంకె ఇరవై మూడు అయింది. మూత తెరుచుకుంది. వరమ్మ ఊపిరి పట్టుకుని ఉంది. అంకె ఇరవై నాలుగు అయ్యాక వదిలింది. పక్కనున్న ఆమె ఏమీ అడగకుండా తన ఫోన్ తీసి కృష్ణమ్మ ముందు పట్టింది.

"నాకియ్యకు," అంది కృష్ణమ్మ. "వేలు రుద్దుకో."